అత్త పాడిన పద్యం, నేను తీయని మాల

రెండేళ్ల కింద మా మేనత్త చనిపోయినప్పుడు నేను అయ్యప్ప మాలలో ఉన్నాను. ముప్పై రెండో రోజు. ఇంకో తొమ్మిది రోజులు గడిస్తే మండలం నిండుతుంది, ఇరుముడి కట్టుకుని రైలెక్కడమే, టికెట్లు కూడా కన్ఫర్మ్ అయినయి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి, నల్గొండలో మా గల్లీ స్వాములం వేసుకున్న సన్నిధానంలో పూజకు కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. బావ. "అమ్మ పోయింది బామ్మర్ది" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే తనే మళ్లీ, "మాల మీదున్నవు, నువ్వు రాకు, మేమేమనుకోం" అన్నాడు.

నేను పోలేదు.

అత్త వాళ్ల ఊరు దేవరకొండ దగ్గర, బండి మీద గంటన్నర. నాయిన పని కోసం బొంబాయి పోయిన ఏళ్లలో ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను ఆమె దగ్గరే ఉండి చదువుకున్నాను. నన్ను సాకిన మనిషి. గురుస్వామిని అడిగితే ఆయన ఒక్క మాటే అన్నాడు, "పోవాలని ఉంటే మాల తీసి పో స్వామీ, అయ్యప్ప ఎక్కడికి పోతడు, వచ్చే ఏడు వేసుకుందువు." అంటే నన్ను ఎవరూ ఆపలేదు. దారి కూడా చూపించారు. నాకే మనసొప్పలేదు. అది నా ఐదో మాల, ఒక్క ఏడు కూడా నాగా లేదు, మా గల్లీలో "నిష్ఠ అంటే ఆయనదే" అనే పేరు ఉంది. దేవుడికిచ్చిన మాట తప్పొద్దు కదా అనుకున్నాను. ఆ రోజు నాకు నేను చెప్పుకున్నది అదే. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఆ నిమిషంలో నా మనసులో ఉన్నది అయ్యప్ప కాదు, ఆ ఐదు అనే లెక్క.

నన్ను ఎక్కువ కోస్తున్నది ఇంకొకటి ఉంది. అత్త పెద్దగా చదువుకోలేదు గానీ భజనల్లో విని విని పోతన పద్యాలు చాలా నోటికి పట్టింది. రాత్రి పూట కట్టెల పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టెలు కొడుతూ పాడేది. ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన పద్యం "కుప్పించి ఎగసిన కుండలంబుల కాంతి గగన భాగంబెల్ల గప్పికొనగ". భీష్ముడు అంపశయ్య మీద ఉండి, కృష్ణుడు తన మీదికి ఎట్లా దూకి వచ్చాడో తలుచుకునే పద్యం. కుప్పించి అన్న దగ్గర అరచెయ్యి రొట్టె మీద ఠప్పున పడేది. రొట్టె తిరుగుతూ తిరుగుతూ పెద్దదవుతుంటే పద్యం సాగేది, సరిగ్గా "విడువు మర్జున" దగ్గరికి వచ్చేసరికి రొట్టె పెనం మీద ఉండేది. తర్వాత పిండి చెయ్యి అట్లనే గాల్లో ఉంచి నా దిక్కు చూసి, "దేవుడే మాట తప్పిండు చూడు అల్లుడా, దోస్తు కోసం" అనేది. పద్నాలుగేళ్ల పిల్లగాడిని, నాకు రొట్టె మీదే ధ్యాస.

ఆ ఘట్టాన్ని ఈ రెండేళ్లలో ఎన్నిసార్లు చదివానో. కురుక్షేత్రంలో ఆయుధం పట్టను అని కృష్ణుడు ముందే మాట ఇచ్చాడు, అందరికీ తెలిసిందే. మూడో రోజు భీష్ముడి బాణాలకు పాండవ సేన చెదిరిపోతుంటే, అర్జునుడు తాత మీద మెత్తమెత్తగా యుద్ధం చేస్తుంటే, కృష్ణుడు చక్రం పట్టి దిగాడు. తొమ్మిదో రోజు మళ్లీ అదే, ఈసారి చేతిలో గుర్రాలను తోలే కొరడా. అర్జునుడు వెనకనుంచి పట్టుకుని, ఈడ్చుకుపోబడుతూ, పదో అడుగులో గానీ ఆపలేకపోయాడు. ఆపడానికి అర్జునుడు ఏమన్నాడో చూడండి: లోకం నిన్ను అబద్ధాలవాడు అంటుంది, వద్దు. అర్జునుడికి ఆ పేరు గురించి టెన్షన్. దిగినాయనకు దాని మీద ధ్యాసే లేదు. ఎదురుగా నలుగురు చస్తున్నారు, అంతే.

ఎదుట నిలబడ్డది ఎవరు? జీవితంలో ఒక్కసారి కూడా మాట తప్పని మనిషి. భీష్ముడిని తక్కువ చేసే అర్హత నాకు లేదు, చిన్నప్పటి నుంచి ఆ పేరు వింటేనే ఒళ్లు పులకరిస్తుంది. తండ్రి కోసం రాజ్యాన్నీ పెళ్లినీ వదులుకున్న రోజున ఆ ప్రతిజ్ఞలో రవ్వంత స్వార్థం కూడా లేదు, అది నేను ఎక్కడైనా చెప్తాను. కానీ తర్వాత? తమ్ముళ్లలో చిత్రాంగదుడు గంధర్వుడి చేతిలో చచ్చాడు, విచిత్రవీర్యుడు క్షయతో పోయాడు, ఇద్దరికీ పిల్లలు లేరు. అప్పుడు వచ్చి అడిగింది వాళ్ల తల్లి సత్యవతి. ఎవరి పెళ్లి కోసం, ఎవరి కడుపున పుట్టే పిల్లల కోసం ఆ ఒట్టు వేశాడో, ఆమే. వంశం ఆగిపోతుంది నాయనా, నువ్వే నిలబెట్టు అని. భూమి తన వాసన వదిలినా, నీళ్లు తమ రుచి వదిలినా, నేను మాత్రం సత్యం వదలను అన్నాడాయన. ఎంత గొప్ప మాట! చదివిన ప్రతిసారీ చేతులు జోడించాలనిపిస్తుంది, ఆ వెంటనే గుండెలో ఏదో గుచ్చుకుంటుంది, ఎందుకంటే ఆ మాటలో సత్యవతి లేదు, హస్తినాపురం లేదు, మొదటి నుంచి చివరి దాకా నేను, నా సత్యం. ఇచ్చిన మాట ఎవరికిచ్చామో వాళ్లే వచ్చి చాలు నాయనా అన్నాక కూడా పట్టుకుని కూర్చుంటే, ఇక ఆ మాట ఎవరిది?

అంబ సంగతి సరేసరి. స్వయంవరం నుంచి ఎత్తుకొచ్చింది ఈయన, ఆమె మనసిచ్చిన సాళ్వుడు కాదన్నాడు, ఈయన నా వ్రతం అన్నాడు, ఆ పిల్ల మధ్యలో కాలిపోయింది. గురువు పరశురాముడే వచ్చి అడిగినా 23 రోజులు యుద్ధం చేశాడు గానీ వినలేదు. వ్రతం భీష్ముడిది, మోసింది అంబ.

దీని పక్కన అర్జునుడి కథ ఒకటి పెట్టి చూస్తాను, దీన్ని జనం పెద్దగా తలుచుకోరు. ద్రౌపదితో ఒక అన్న ఉన్నప్పుడు ఇంకొకరు ఆ గదిలోకి పోకూడదు, పోతే ఇల్లు విడిచి వ్రతంతో తిరగాలి, అది అన్నదమ్ముల కట్టుబాటు. ఒక బ్రాహ్మణుడి ఆవులను దొంగలు తోలుకుపోతున్నారు, ఆయన వాకిట్లో నిలబడి మొత్తుకుంటున్నాడు, ఆయుధాలేమో ధర్మరాజు ఉన్న గదిలో. అర్జునుడు లోపలికి పోయాడు. తెలిసే పోయాడు. ఆవులు తెచ్చి ఇచ్చాక అన్న దగ్గరికి వచ్చి, నేను బయల్దేరుతా అన్నాడు. నాకేం బాధ లేదు తమ్ముడూ, ఉండు అని ధర్మరాజు ఎంత చెప్పినా, సాకులు పెట్టి ధర్మం చేయొద్దని నీ దగ్గరే నేర్చుకున్నా అని వెళ్లిపోయాడు. ఇంకొకరి కోసం కట్టుబాటు తప్పాడు, ఆ శిక్ష తన మీదే వేసుకున్నాడు.

అదే అర్జునుడు కర్ణపర్వంలో ఎట్లా అయ్యాడు? గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్ అన్నవాడి తల తీస్తానని ఎప్పుడో లోపల ఒట్టు పెట్టుకున్నాడట, కర్ణుడి చేతిలో దెబ్బలు తిన్న కోపంలో ధర్మరాజు నోట ఆ మాట రాగానే అన్న మీదికే కత్తి దూశాడు. కృష్ణుడు అడ్డం పడి ఎంత మందలించాడో. పెద్దవాడిని నువ్వు అని పిలిస్తే చంపినట్టే, అట్లా అని నీ ఒట్టు తీర్చుకో అన్నాడు. మా దిక్కు అమ్మనీ అత్తనీ ప్రేమగా నువ్వు అనే అంటాం కాబట్టి చిన్నప్పుడు ఈ కథ నాకు అస్సలు అర్థం కాలేదు. మాటలో కాదు, విసిరే తీరులో ఉంటుంది చావు. ఒకడే మనిషి, ఒకసారి ఆవుల కోసం తప్పి నిలబడ్డాడు, ఇంకోసారి ఒట్టు నిలుపుకోబోయి అన్నను చంపేవాడే.

ఆ ఏడు మండలంలో మేం రోజుకో అధ్యాయం గీత చదువుకున్నాం. పదిహేడోది నా వంతుకే వచ్చింది. ఒళ్లు హింసపెట్టుకుని ఘోరమైన తపస్సు చేసేవాళ్ల గురించి "దంభాహంకార సంయుక్తాః" అని నా గొంతుతోనే, రాగం తీసి మరీ చదివాను. మాల తప్పు అని నేను అనట్లేదు, ఆ నలభై ఒక్క రోజులు నాకు చాలా ఇచ్చాయి, కోపం తగ్గింది, పొద్దున లేవడం వచ్చింది. నేను పట్టుకున్నది ఆ మాలను కాదు, నా పేరును అని చెప్పుకోవడానికి నాకు ఇంత కాలం పట్టింది.

శబరిమల నుంచి వచ్చి మాల తీశాక దేవరకొండ పోయాను. పెద్దకర్మ అప్పటికే అయిపోయింది. అరవణ ప్రసాదం డబ్బా పట్టుకుని పోయాను, ఏం పట్టుకుపోవాలో తెలియక. బావ రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకుని, తీసుకెళ్లి అత్త ఫొటో ముందు పెట్టాడు. "ఆఖరుకు నిన్నే అడిగింది. మాలలో ఉన్నడని చెప్తే, పోనీ మంచిదే, స్వామి దగ్గర ఉన్నడు అన్నది" అన్నాడు. తర్వాత చెల్లె లోపలి నుంచి రొట్టెలు తెచ్చి ముందు పెట్టింది. పెనం అత్తదే.