సెయింట్ ఆండ్రూస్ గాలి, కార్నూస్టీ గాలి

గోల్ఫ్‌లో 140 గజాల దూరానికి హైదరాబాద్‌లో నాకు ఎనిమిదో నంబర్ ఐరన్ కర్ర చాలు. నంబర్ తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం పోవాలి. ఆ సోమవారం స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో అదే దూరానికి ఐదో నంబర్ తీసి ఒళ్లంతా ఊపి కొట్టాను. బంతి లేచింది, పైన కాసేపు ఆగింది, ఎవరో వెనక్కి పిలిచినట్టు నిలువునా దిగిపోయింది. 120 గజాలు కూడా పోలేదు. నా బ్యాగ్ మోస్తున్న ముసలి క్యాడీ నవ్వలేదు. "ఎంత గట్టిగా కొడితే అంత పైకి లేస్తుంది. పైకి లేస్తే గాలిదే రాజ్యం. మెల్లగా కొట్టు" అన్నాడు. ఆయన స్కాట్లండ్ యాసలో నాకు మొదటిసారి పూర్తిగా అర్థమైన మాట అదే.

మాది చీరాల వైపు. ఓడరేవు ఇసుకలో, సరుగుడు తోటల హోరులో పెరిగినవాణ్ని. సముద్రపు గాలి గురించి నాకెవరూ చెప్పక్కర్లేదనుకున్నాను. గోల్ఫ్ మాత్రం నలభై దాటాక గోల్కొండ కోట పక్కన నేర్చుకున్నాను, కాబట్టి ఆ రెండూ నా జీవితంలో ఎప్పుడూ కలవలేదు. మా బావమరిది స్కాట్లండ్‌లోని డండీలో డాక్టరు. "బావా, మేలో రా. గార్స్ పొద పూస్తుంది, పొద్దు పోదు, రెండు కోర్సులు ఆడిస్తా" అన్నాడు. వెళ్లాను.

సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు, కార్నూస్టీ, రెండూ లింక్స్ కోర్సులే. లింక్స్ అంటే సముద్రానికీ సేద్యపు భూమికీ మధ్య మిగిలిపోయిన ఇసుక నేల. మన వైపు అలాంటిచోట సరుగుడు వేస్తారు, జీడిమామిడి వేస్తారు. అక్కడ గొర్రెలు మేశాయి, కుందేళ్లు బొరియలు తవ్వాయి, జనం గోల్ఫ్ ఆడారు. వాన ఎంత కురిసినా నీళ్లు నిలవవు. నేల గట్టిగా, గడ్డి పొట్టిగా ఉంటుంది. పడిన బంతి ఆగదు, దొర్లుకుంటూ పోతుంది. గాలికి అడ్డం పెట్టడానికి చెట్టు ఉండదు. బంతిని పట్టేసే ఇసుక గుంటలు, బంకర్లు కూడా గాలికి వెరచిన గొర్రెలు ముడుచుకుని పడుకున్న గుంటలే అంటారు.

సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఆడటం మన తిరుమల ఆర్జిత సేవల డిప్ లాంటిది. ఎల్లుండి ఆటకు ఇవాళ పేర్లివ్వాలి, సాయంత్రానికి ఫలితం తెలుస్తుంది. గురువారం వేసిన పేర్లు రాలేదు. శనివారం వేసినవి సోమవారానికి తగిలాయి. మా బావమరిది ఆస్పత్రిలో డ్యూటీ ఎవరితోనో మార్చుకున్నాడు. ఒక్క రౌండుకు 300 పౌండ్లు పైమాటే. రూపాయల్లోకి మార్చి చూడకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

మధ్యలో ఆదివారం వచ్చింది. ఆదివారం ఓల్డ్ కోర్సులో మామూలుగా ఆట ఉండదు. అది ఊరి నేల కాబట్టి ఊరంతా వచ్చి నడుస్తుంది. ఆట మొదలయ్యే 1వ హోల్, ముగిసే 18వ హోల్ పక్కపక్కనే కలిసిపోయి ఒకే పెద్ద మైదానంలా ఉంటాయి. దాన్ని అడ్డంగా కోస్తూ సముద్రం ఒడ్డుకు ఒక దారి పోతుంది. ప్రపంచంలో గోల్ఫ్ ఆడేవాళ్లంతా ఒక్కసారైనా చూడాలనుకునే ఆ గడ్డి మీద ఒక కుక్క కర్ర ముక్క కోసం పరుగెడుతోంది. ఒకామె పిల్లల బండి తోసుకుపోతోంది. స్విల్కన్ వాగు మీది చిన్న రాతి వంతెన దగ్గర ఫొటోలకు వరస. నేనూ నిలబడ్డాను, దాచడమెందుకు. ఎన్నో ఫొటోల్లో చూసి పెద్దదనుకున్నాను. మన పొలం కాలువ మీద రాళ్లు పేర్చినంతే.

ఆ నేల ఊరి చేతిలో మిగలడం వెనక పెద్ద తగువే ఉంది. 1552లో ఆర్చిబిషప్ ఇచ్చిన పత్రంలోనే అక్కడ గోల్ఫ్ ఆడుకునే హక్కు ఊరివాళ్లదని ఉంది. కానీ 1797లో ఊరి పాలకమండలి దివాలా తీసి ఆ నేల అమ్మేసింది. అది కుందేళ్లు పెంచే వ్యాపారుల చేతికి పోయింది. కుందేళ్లు ఫెయిర్‌వేలన్నీ, అంటే బంతి కొట్టుకుంటూ పోయే గడ్డి దారులన్నీ తవ్వేశాయి. గోల్ఫ్ ఆడేవాళ్లకూ కుందేళ్లవాళ్లకూ కోర్టు దాకా నడిచిన గొడవ, 1821లో గోల్ఫ్ పిచ్చి ఉన్న ఒక భూస్వామి ఆ నేల కొన్నాకే తీరింది.

ఇక ఆట. ఓల్డ్ కోర్సు ఊరు వదిలి ఈడెన్ నది సముద్రంలో కలిసేచోటికి పోతుంది, అక్కడ చిన్న మలుపు తిరిగి మళ్లీ ఊళ్లోకే వస్తుంది. పోయేటప్పుడు తెల్ల జెండాలు, వచ్చేటప్పుడు ఎర్ర జెండాలు. జెండా, గుంత ఉండే నున్నటి గడ్డిని గ్రీన్ అంటారు. ఇక్కడ ఏడు గ్రీన్లు రెండేసి హోళ్లకు ఉమ్మడివి. 2తో 16, 3తో 15, ఇలా ప్రతి జంటా కూడితే 18 వస్తుంది. 5వ హోల్ ఆడుతూ 5, 13 కలిసిన గ్రీన్ మీదికి చేరానని పొంగిపోయాను. దగ్గరికి వెళ్తే తెలిసింది, నా బంతి ఎర్ర జెండా వైపు ఉంది. తెల్ల జెండా నలభై అంగల దూరం. గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్ర పుట్టర్‌తో అంత గట్టిగా నేనెప్పుడూ కొట్టలేదు.

గాలి ముఖం మీదికే. మొదటి ఏడు హోళ్లూ ఒకే పాట. నాకది బాగుందనిపించింది, ఎందుకంటే రెండు మూడు హోళ్లకు ఆ గాలి లెక్క దొరికింది. రెండు నంబర్లు తక్కువ ఐరన్, చిన్న ఊపు, బంతిని కింద కింద పోనివ్వడం. క్యాడీ "ఆ చర్చి శిఖరం చూసి కొట్టు", "ఎడమకు పో, ఎడమ మంచిది" అని చెబుతూనే ఉన్నాడు. నా బంతి పుట్టుకతోనే కుడికి తిరుగుతుంది. కుడివైపంతా గార్స్ పొదలు. బంగారు రంగు పూలు, దగ్గరికి వెళ్తే అచ్చం పచ్చికొబ్బరి వాసన. ఆ వాసనకు బాపట్ల పెళ్లి వంటలు గుర్తొచ్చాయి. చెయ్యి పెడితే ముళ్లు. మూడు బంతులు దానికే అర్పించాను.

వచ్చేటప్పుడు వెనకగాలి కదా, స్కోరు రాబట్టుకుందామని లెక్క వేసుకున్నాను. 11వ హోల్ దగ్గర బంకర్‌లో పడ్డాను. నిలువు గోడ, గడ్డి పలకలు పేర్చి కట్టినది. 1921లో 19 ఏళ్ల అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ ఈ హోల్ దగ్గర బంకర్‌లోనే విసిగిపోయి ఆట వదిలేశాడని, 1927లో ఇదే కోర్సులో ఓపెన్ టోర్నమెంటు గెలిచాడని క్యాడీ ఓదార్చాడు. నేను నాలుగో దెబ్బకు బయటపడ్డాను, అదీ వెనక్కి కొట్టి. తలెత్తి చూస్తే జెండా ఇటు తిరిగి ఉంది. సముద్రపు ఆటుపోట్లు మారితే ఇక్కడ గాలీ మారుతుందట. పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడూ ఎదురే! బావమరిది నడుం పట్టుకుని నవ్వాడు.

అయినా ఓల్డ్ కోర్సు మీద నాకు కోపం రాలేదు. ఆ నేల విశాలం. 112 బంకర్లున్నాయి గానీ వాటి పక్కన చోటూ ఉంది. తప్పు కొట్టినా బంతి దొరుకుతుంది, ఇంకో దారిలో రావచ్చు. 17వ హోల్‌లో పక్కనున్న హోటల్ షెడ్ల మీదుగా కొట్టమంటారు. ధైర్యం చాలక ఎడమకు కొట్టాను, ఆరు దెబ్బల్లో పూర్తి చేశాను. 18వ గ్రీన్ మీదికి వస్తుంటే దారిలో నిలబడ్డ ఎవరో తెలియని మనుషులు నా పుట్‌కు చప్పట్లు కొట్టారు. అంత చెత్త పుట్‌కు అన్ని చప్పట్లు ఇంకెక్కడా రావు.

బుధవారం కార్నూస్టీ. డండీ నుంచి తూర్పుగా రైల్లో పావుగంట. దారిలో 'గోల్ఫ్ స్ట్రీట్' అనే స్టేషనే ఉంది. గోల్ఫ్ బ్యాగులతో ఇద్దరం కూర్చున్నాం కదా, మా రైలు అక్కడ ఆగలేదు.

ఊరు మామూలుగా ఉంది. కట్టుబడీ, సింగారమూ ఏమీ లేవు. సముద్రం పక్కనే ఉన్నా కోర్సులోంచి సరిగా కనిపించదు. ఒక పక్క రైలు చప్పుడు, ఇంకో పక్క సైన్యం శిక్షణ మైదానం, అక్కడి నుంచి తుపాకుల శబ్దం. ఫొటో తీసుకోవాలనిపించే చోటు ఒక్కటీ కనపడలేదు. మొదటి నాలుగు హోళ్లు అయ్యేసరికి నాకు మాట పడిపోయింది.

తేడా ఎక్కడుందంటే, ఇక్కడ రెండు హోళ్లకు మించి ఒకే దిక్కుగా సాగవు. ఎదురుగాలి లెక్క కుదిరిందనుకునే లోపు అది ఎడమ చెంపకు వస్తుంది. దానికి అలవాటు పడేలోపు వీపు మీద తోస్తుంది. వెనకగాలి సుఖమనుకునేవాణ్ని. గ్రీన్ మీద పడిన బంతి ఆగకుండా అవతలి పొడుగు గడ్డిలోకి, రఫ్‌లోకి పోతుంటే అదీ తెలిసింది. మా ఊళ్లో పడవవాళ్లు గాలివాటం చూసుకుని పోతారు. ఇక్కడ వాటం ప్రతి పది నిమిషాలకూ మారుతుంది. గాలి మారడం కాదు, మనల్నే తిప్పుతుంటారు.

6వ హోల్‌కు 'హోగన్స్ ఆలీ' అని పేరు. 1953లో అమెరికా ఆటగాడు బెన్ హోగన్ తన జీవితంలో ఒకే ఒక్క ఓపెన్ ఆడటానికి ఇక్కడికి వచ్చి గెలిచి వెళ్లాడు. నాలుగు రౌండ్లలో ఆయన దెబ్బలు 73, 71, 70, 68. రౌండు రౌండుకూ తగ్గిన ఆ అంకెలు చూస్తేనే ఆయన కోర్సును ఎలా చదివాడో తెలుస్తుంది. ఫెయిర్‌వే మధ్యలో బంకర్లు, ఎడమ పక్క కంచె, కంచె దాటితే బంతి లెక్కలోంచి పోయినట్టే. ఆ రెంటి మధ్య ఇరుకు సందులోంచి కొట్టేవాడట. నేను కుడివైపు, చాలా కుడివైపు కొట్టాను. అది వినయం కాదు, నా బంతి పుట్టుకే అంత.

16వ హోల్ దగ్గర బావమరిది ఊరటగా ఒక సంగతి చెప్పాడు. 1975లో ఇక్కడ గెలిచిన టామ్ వాట్సన్, సమమైతే ఆడే ప్లేఆఫ్‌తో కలిపి ఐదు రౌండ్లు ఆడి కూడా, మూడు దెబ్బల్లో ముగించాల్సిన ఈ పార్ 3లో ఒక్కసారీ పార్ చేయలేకపోయాడు. అక్కడ అన్నిటికంటే దూరం పంపే కర్ర డ్రైవర్‌తో కొట్టినా నా బంతి గ్రీన్ చేరలేదు. పార్ 3కి డ్రైవర్!

"ఏది బాగుంది బావా?" అని అప్పుడే అడిగాడు. మళ్లీ వస్తే సెయింట్ ఆండ్రూస్‌లో ఆదివారం నడుస్తాను, కార్నూస్టీలో బుధవారం ఆడతాను అన్నాను. ఓల్డ్ కోర్సు చరిత్రతో సగం, చప్పట్లతో సగం మనల్ని గెలిపించి పంపుతుంది. దాన్ని ఇష్టపడకుండా ఉండటం కష్టం. కానీ ఆటగా చూస్తే, ప్రతి దెబ్బకూ కొత్తగా ఆలోచించమన్నది ఇదే. రౌండుకు 95 దెబ్బలు దాటే నాబోటివాడికి ఈ తేడాలెందుకని బావమరిది మొహంలో ఉంది. మర్యాదకు అనలేదు.

17, 18 హోళ్లలో బారీ బర్న్ అనే వాగు పాములా మెలికలు తిరుగుతుంది. ఎటు కొట్టినా అదే ఎదురొస్తుంది. 1999 ఓపెన్‌లో ఫ్రెంచ్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ ఆఖరి హోల్‌కు మూడు దెబ్బల ఆధిక్యంతో వచ్చాడు. ఆరు చేసినా ఓపెన్ ఆయనదే. బంతి ప్రేక్షకుల స్టాండుకు తగిలి వెనక్కి వచ్చింది, రఫ్‌లో పడింది, తర్వాత వాగులో పడింది. బూట్లు, సాక్సులు విప్పి నీళ్లలోకి దిగి నిలబడ్డాడు. చివరికి అక్కడి నుంచి కొట్టకుండా బయటికి వచ్చి ఏడు చేశాడు. ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు.

నా మూడో దెబ్బ కూడా అదే వాగులో పడింది. గట్టు మీది నుంచి వంగి చూశాం. రెండు అడుగుల లోతులో తెల్లగా కనిపిస్తూనే ఉంది. గాలికి నీళ్ల మీద ముడతలు.

"బూట్లు విప్పుతావా బావా? ఫొటో తీస్తా."

వేలు ముంచి చూశాను. మే నెలలోనూ ఆ నీళ్లు ఐసులా ఉన్నాయి. ఒక దెబ్బ జరిమానా వేసుకుని ఇంకో బంతి వదిలి కొట్టాను. ఎనిమిది అయింది. బావమరిది కార్డు మీద అంకె వేస్తూ, "ఆయనకంటే ఒక్కటే ఎక్కువ" అన్నాడు.