అమ్మ ఆర్మీ అంది, ఊరు నేవీ అంది

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే చర్చ. నేను యూనిఫాం వేసుకోవడం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. ఏ యూనిఫాం అన్నదే తేలలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. నాన్న గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద కలాసీ. వేట నిషేధం నెలల్లోనే ఇంటికి వస్తారు. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకు వెళ్లిన మా జిల్లా వాళ్లు పాకిస్తాన్‌కు చిక్కారు. 2020 జనవరిలో గాని వాఘా దాటి ఇళ్లకు చేరలేదు. నాన్న వేరే బోటులో ఉన్నారు. ఆ సంగతి తెలిసేదాకా అమ్మ ఒళ్లో ఫోను పెట్టుకుని వాకిట్లోనే కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. అందుకే ఇప్పుడు అమ్మది ఒకటే మాట: "నీళ్ల మీద ఉద్యోగం వద్దు నాయనా. మీ మామయ్యలా ఆర్మీకి వెళ్లు."

మామయ్య హవల్దార్‌గా పదవీ విరమణ చేశారు. ఆ పింఛనుతోనే ఇల్లు కట్టారు, అక్క పెళ్లి చేశారు. కానీ ఆయనే నన్ను కూర్చోబెట్టి చెప్పారు: "నా లెక్క నీకు పనికిరాదురా. నీది అగ్నివీర్ లెక్క." 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో చేరేవాళ్లే అగ్నివీర్లు. సర్వీసు నాలుగేళ్లు. మొదటి ఏడాది నెలకు 30 వేలు, అందులో 30 శాతం సేవానిధి అనే పొదుపు నిధికి పోతుంది. ప్రభుత్వం కూడా అంతే కలిపి, వడ్డీతో చివర్లో సుమారు 11.71 లక్షలు ఇస్తుంది. పింఛను లేదు. ఆ తర్వాత కొనసాగించేది 25 శాతం మందిని మాత్రమే. నేవీ, వైమానిక దళాల్లోనూ ఇదే పద్ధతి.

ఊళ్లో అందరూ నేవీయే అంటారు. గంగపుత్రుడికి సముద్రం కాక ఇంకేముంటుందని వాళ్ల ధీమా. నాకూ ఆ ఆశ చిన్నప్పటిదే. విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లినప్పుడు ఆ ఇరుకు దారిలోంచి బయటికి రావాలనిపించలేదు.

నా మనసు తిప్పింది మాత్రం నాన్న ఫోనులో చెప్పిన ఒక సంగతి. ఒకసారి తుపాను ముందు వీళ్ల బోటు ఇంకా లోపలే ఉందట. పక్కన ఏటవాలు చారలున్న తెల్ల ఓడ ఒకటి దగ్గరికి వచ్చి, వెంటనే ఒడ్డుకు మళ్లమని మైకులో హెచ్చరించింది. తీరాన్ని కాపాడే కోస్ట్ గార్డ్ వాళ్లది. బోటు నడిపే సరంగుకు హిందీ తెలుసు కాబట్టి అర్థమైంది గాని, మా వాళ్లలో సగం మందికి ఏమీ తెలియలేదు. "మన మాట మాట్లాడేవాడు ఒక్కడున్నా ఎంత ధైర్యంగా ఉండేదో" అన్నారు నాన్న.

ఆ రాత్రే వివరాలు వెతికాను. కోస్ట్ గార్డ్ కూడా రక్షణ శాఖ కిందిదే, కానీ అగ్నిపథ్‌లో లేదు. అందులో నావికుడి ఉద్యోగమైన నావిక్ జనరల్ డ్యూటీకి ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం ఉండాలి. నాది ఎంపీసీయే. మూలవేతనం 21,700. శిక్షణ నేవీ వాళ్లతో పాటే ఒడిశాలోని ఐఎన్ఎస్ చిలికాలో. సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్లు 1554కు ఫోన్ చేస్తే బయలుదేరేది వీళ్లే. పోస్టులు వందల్లోనే ఉంటాయి, అదే భయం. అందుకని నేవీకీ దరఖాస్తు పెడతాను. మొదటి కోరిక మాత్రం ఇదే.

అమ్మకు నాన్న మాటలే మళ్లీ చెప్పాను. ఒప్పుకున్నానని అనలేదు. వద్దని కూడా అనలేదు. తెల్లవారుజామున ఇసుకలో పరుగు మొదలుపెట్టాను. కోస్ట్ గార్డ్ పరీక్షలో 1.6 కిలోమీటర్లు ఏడు నిమిషాల్లో దాటాలి. మూడో రోజు నుంచి అమ్మే ఫోనులో సమయం చూస్తోంది. నిన్న 7 నిమిషాల 12 సెకన్లు పట్టింది. "రేపు ఇంకాస్త ముందు లేపుతాను" అంది.