అడిగినప్పుడు ఏం చెబుతాం? పేతురు రాసిన ఒక వచనం

"నిర్మలమైన మనస్సాక్షి కలిగినవారై, మీలో ఉన్న నిరీక్షణనుగూర్చి మిమ్మును హేతువు అడుగు ప్రతివానికిని సాత్వికముతోను భయముతోను సమాధానము చెప్పుటకు ఎల్లప్పుడు సిద్ధముగా ఉండి, మీ హృదయములయందు క్రీస్తును ప్రభువుగా ప్రతిష్ఠించుడి." (1 పేతురు 3:15)

మీ ఆశకు కారణమేంటని ఎవరడిగినా జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి అనే ఈ వచనం మనలో చాలామందికి నోటికొచ్చు. సువార్త చెప్పడం గురించి ఎవరు వాక్యం చెప్పినా ఎక్కడో ఒకచోట ఇది వస్తుంది, వచ్చిన ప్రతిసారీ వినేవాళ్లలో కొందరు మెల్లగా తల దించుకుంటారు. ఎందుకంటే సోమవారం పొద్దున ఆఫీసులో పక్క సీటతను "నిన్న ఫోన్ ఎత్తలేదేం, ఎక్కడికెళ్లావ్?" అని అడిగితే "చర్చికి వెళ్లాను" అన్న రెండు మాటలు గొంతు దాటి రావు, "ఏదో చిన్న పని ఉండి" అని వచ్చేస్తుంది. చాలాసార్లు మనల్ని ఎవరూ బెదిరించరు, ఉద్యోగంలోంచి తీసేయరు. అయినా నోరు రాదు. ఇంత చిన్న ప్రశ్నకు అంత టెన్షన్ ఎందుకొస్తుందో పడినవాళ్లకే తెలుసు.

యేసు శిష్యుడైన పేతురుకు బాగా తెలుసు. ఈ వచనం దేవుడు వేరెవరి చేతా కాకుండా పేతురు చేత రాయించాడు చూడండి, అందుకే ఇది నాకు ఇంత దగ్గరగా అనిపిస్తుంది. యేసును పట్టుకున్న ఆ రాత్రి, అంతకుముందు బల్ల దగ్గర కూర్చుని పేతురు ప్రభువుతో అన్న మాట లూకా 22లో ఉంది: "నీతోకూడ చెరలోనికిని మరణమునకును వెళ్లుటకు సిద్ధముగా ఉన్నాను." అబద్ధం చెప్పలేదాయన, నిజంగానే సిద్ధపడ్డాడు. తోటలో సైనికులు వచ్చినప్పుడు కత్తి దూసింది ఆయనే కదా. చెరసాలకు సిద్ధం, చావుకు సిద్ధం. అలాంటి మనిషి కొన్ని గంటలకే ప్రధానయాజకుని ఇంటి ముంగిట మంట దగ్గర చలి కాచుకుంటుంటే, ఒక పనిపిల్ల ఆ వెలుతురులో మొహం పరీక్షగా చూసి "వీడు కూడా అతనితో ఉన్నవాడే" అంది. అంతే. పేతురు నోట వచ్చిన మాట "అమ్మాయీ, నేనాయనను ఎరుగను."

ఈ చోట కాస్త ఆగి ఆలోచించండి. పెద్ద పరీక్షకు ఆయన తయారై ఉన్నాడు, ఈ చిన్న ప్రశ్న వస్తుందని మాత్రం అనుకోలేదు. మనం కూడా అంతే. విశ్వాసం కోసం ప్రాణం పెట్టాల్సి వస్తే పెడతానని పాటలో పాడేటప్పుడు మన కళ్లలో నిజంగానే నీళ్లు తిరుగుతాయి, అందులో నటన ఏమీ ఉండదు. కానీ ప్రశ్న వచ్చేది లిఫ్టులో, లంచ్ బ్రేక్‌లో, కజిన్ పెళ్లిలో ఫొటోల మధ్య, పిల్లల్ని స్కూల్ నుంచి తీసుకురావడానికి గేటు దగ్గర నిలబడ్డప్పుడు, అదీ మామూలు గొంతుతో, ఏ హెచ్చరికా లేకుండా.

కొన్ని వారాలు గడిచాయి. అదే యెరూషలేము, అన్న, కయప అనే అదే ప్రధానయాజకులు. శృంగారమను ద్వారం దగ్గర నలభై ఏళ్లు దాటిన కుంటివాడు లేచి నడిచినందుకు పేతురునూ తోటి శిష్యుడు యోహానునూ యూదుల మహాసభ ముందు నిలబెట్టారు. ఈసారి ప్రశ్న వేసింది పనిపిల్ల కాదు, యేసును పిలాతుకు అప్పగించిన మనుషులే. పేతురు తడబడకుండా మాట్లాడాడు. వాళ్లు ఆశ్చర్యపోయారు, "వారు యేసుతోకూడ ఉండినవారని గుర్తెరిగిరి" అని అపొస్తలుల కార్యములు 4:13 చెబుతుంది. మంట దగ్గర ఆ పిల్ల అన్నదీ అదే మాట కదా! వీడు కూడా ఆయనతో ఉన్నవాడే. అప్పుడు ఏ మాట వింటే ఆయనకు చెమటలు పట్టాయో, ఇప్పుడు మహాసభకు ఆయన గురించి అర్థమైనదీ సరిగ్గా అదే. పేతురు చదువుకుని రాలేదు, "విద్యలేని పామరులు" అని ఆ వచనమే చెబుతోంది. మధ్యలో జరిగింది ఏమిటంటే, లేచిన ప్రభువు గలిలయ ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, ఆయన్ను పిలిచి కూర్చోబెట్టుకుని, "నన్ను ప్రేమించుచున్నావా" అని మూడుసార్లు అడిగాడు. ఆ తర్వాత పెంతెకొస్తు నాడు పరిశుద్ధాత్మ దిగివచ్చాడు. ధైర్యం అక్కడి నుంచి వచ్చింది. అది పేతురు స్వభావం అయితే మంట దగ్గరే ఉండి ఉండేది.

కాబట్టి "నేను మొహమాటస్తుణ్ని, నలుగురిలో మాట్లాడలేను, సాక్ష్యం చెప్పడం నా వల్ల కాదు" అనే వాళ్లతో నేను ఒప్పుకోను. కొరింథుకు వెళ్లినప్పుడు తన పరిస్థితి ఎలా ఉందో, ఊరూరా సువార్త చెబుతూ తిరిగిన పౌలే రాశాడు: "బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను మీయొద్ద నుంటిని." అదే ఊళ్లో రాత్రి దర్శనంలో ప్రభువు ఆయనతో భయపడక మాట్లాడమని, మౌనంగా ఉండవద్దని చెప్పాల్సి వచ్చింది. వణుకుతూ కూడా మాట్లాడొచ్చు.

ఇక ఈ వచనం ఉన్న పత్రికను, అంటే ఉత్తరాన్ని, పేతురు ఎవరికి రాశాడో చూస్తే ఇంకా ధైర్యం వస్తుంది. పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ ప్రాంతాల్లో చెదరిపోయి ఉన్న విశ్వాసులకు. ఈ వచనానికి ముందు ఆయన మాట్లాడింది బోధకులతో కాదు. ముక్కోపి యజమానుల దగ్గర పనిచేసే దాసులతో, వాక్యానికి లోబడని భర్తలున్న భార్యలతో. అంటే "హేతువు అడుగు ప్రతివాడు" ఎవరంటే యజమాని, తోటి పనివాడు, మొగుడు, మరిది, వీధిలో రోజూ కనబడే మనిషి. వాళ్లు ఎందుకు అడుగుతారు? ఇంత మాట పడ్డా ఈమె తిరిగి తిట్టలేదేం, ఇంత కష్టంలో ఈయన ఆశ వదలలేదేం అని తేడా కనబడి అడుగుతారు. మన దగ్గర ఆ తేడా ఏమీ కనబడకపోతే ఎవరూ అడగరు, అప్పుడు జవాబు ఎంత కంఠతా పట్టినా దాన్ని చెప్పే సందర్భమే రాదు. ఇది కష్టమైన మాటే, కానీ పేతురు ఆ వరసలోనే పెట్టాడు.

ఆ పొంతు బితూనియ ప్రాంతానికే క్రీ.శ. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమా అధికారి గవర్నరుగా ఉండేవాడు. క్రైస్తవులను ఏం చేయాలో అడుగుతూ ట్రాజన్ చక్రవర్తికి ఆయన రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. తన దగ్గరికి తెచ్చినవాళ్లను "నువ్వు క్రైస్తవుడివా" అని అడిగేవాణ్నని, అవునంటే శిక్ష గురించి బెదిరిస్తూ రెండోసారి, మూడోసారి కూడా అడిగేవాణ్నని, అయినా పట్టు వదలనివాళ్లను చంపమని పంపేవాణ్నని రాశాడు. మూడుసార్లు! పేతురును ఆ రాత్రి అడిగినట్టే. కొందరు వెనక్కి తగ్గారని కూడా అందులో ఉంది, దాచడం ఎందుకు. కానీ వాళ్ల గురించి ఆయన సేకరించిన వివరాలు చదివితే ఒళ్లు పులకరిస్తుంది: నియమించుకున్న రోజున తెల్లవారకముందే కలుసుకుని క్రీస్తును దేవుడిగా స్తుతిస్తూ పాడుకుంటారట, దొంగతనం చేయబోమని, వ్యభిచరించబోమని, ఇచ్చిన మాట తప్పబోమని ఒట్టు పెట్టుకుంటారట. నిజం రాబట్టడానికి ఆయన హింసించింది ఎవరినో తెలుసా, సంఘంలో పరిచారికలుగా ఉన్న ఇద్దరు దాసీలను. వాళ్ల పేర్లు కూడా రాయలేదు. ఈ విశ్వాసం పట్టణాలకే కాదు, పల్లెలకూ పాకిందని ఆ ఉత్తరంలోనే ఒప్పుకున్నాడు. పేతురు ఏ ప్రాంతం వాళ్లకు "సిద్ధముగా ఉండండి" అని రాశాడో, అక్కడివాళ్లు కొందరు నిజంగానే సిద్ధంగా ఉన్నారన్నమాట.

సరే, అడిగితే ఏం చెప్పాలి? మనలో చాలామందిని ఆపేది ఇదే, వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తే జవాబు తెలియదేమో అని. యోహాను 9వ అధ్యాయంలో యేసు చూపు ఇచ్చిన పుట్టు గుడ్డివాణ్ని పరిసయ్యులు అనే మతపెద్దలు ఎన్ని రకాలుగా గుచ్చి గుచ్చి అడిగారో చూడండి. యేసు పాపా కాదా అన్నది తనకు తెలియదన్నాడు. "ఒకటి మాత్రము నేనెరుగుదును, నేను గ్రుడ్డివాడనైయుండి ఇప్పుడు చూచుచున్నాను." తెలియనిది తెలియదన్నాడు, తెలిసినదాన్ని వదల్లేదు. అప్పటికి ఆయన యేసు మొహం కూడా చూడలేదు! "ఆ ప్రశ్నకు నాకు జవాబు తెలియదు, కనుక్కుని చెబుతా, కానీ నా జీవితంలో జరిగింది మాత్రం ఇదీ" అని మనం కూడా అనొచ్చు. దానికి ఏ ట్రైనింగూ అక్కర్లేదు.

నాకు తెలిసిన ఒక అక్క ఆసుపత్రిలో నర్సు. నైట్ డ్యూటీలో ఉండగా ఒక పెద్దాయన రాత్రంతా అరుస్తూనే ఉన్నాడట, పిలిచినప్పుడల్లా ఈమె వెళ్తూనే ఉంది. తెల్లవారుజామున ఆయన కొడుకు, "సిస్టర్, సొంత కొడుకుని నాకే విసుగొస్తోంది, మీకు రాదా?" అని అడిగాడు. ఈమె సెలైన్ సీసా మారుస్తూ, "వస్తుందండీ. డ్యూటీ ఎక్కే ముందు యేసయ్యను ఓపిక ఇమ్మని అడుగుతాను. ఆయన ఇవ్వకపోతే నా వల్ల అయ్యే పని కాదు" అంది. అంతే అని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. కాసేపటికి ఆ అబ్బాయే వచ్చి, "మా నాన్న కోసం కూడా అడుగుతారా?" అన్నాడు. అక్కడే నిలబడి, మంచం కమ్మీ పట్టుకుని, చిన్న గొంతుతో ప్రార్థన చేసింది. రెండు రోజులకు వాళ్లు డిశ్చార్జి అయి వెళ్లిపోయారు. తర్వాత ఏమైందో ఆమెకు తెలియదు. "నేను నాటితిని, అపొల్లో నీళ్లు పోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే" అని పౌలు రాసింది ఇలాంటప్పుడు ఎంత ఊరటగా ఉంటుందో. ఫలితం బాధ్యత మన నెత్తిన లేదు.

ఆ అక్క మాటల్లో వాదన లేదు, ఎదుటి మనిషిని తక్కువ చేయడం లేదు. పేతురు "సాత్వికముతోను భయముతోను" అన్నది ఇదే. ధైర్యం పేరుతో ఎదుటివాళ్ల దేవుళ్లను తిట్టడం, కుటుంబ గ్రూపుల్లో వెటకారపు ఫార్వర్డులు పెట్టడం, కష్టంలో ఉన్నవాణ్ని మూలకు నెట్టి ఒప్పించాలని చూడటం సువార్త అనిపించుకోదు, ఇది గట్టిగానే చెబుతున్నా. ఎఫెసులో పౌలు రెండేళ్లకు పైగా బోధించాడు, ఆ ప్రాంతమంతా వాక్యం వినబడింది. చివరికి ఊరు ఊరంతా అల్లరికి దిగినప్పుడు, విశ్వాసి కాని ఆ పట్టణపు కరణమే లేచి, వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించనూ లేదు అని జనానికి చెప్పాడు (అపొ. కార్యములు 19:37). మన గురించి మన పొరుగువాళ్లు అలా చెప్పగలగాలి. ఇంట్లో వాక్యం వినడానికి ఇష్టపడని భర్త ఉన్న చెల్లెళ్లకైతే పేతురు ఇంకో మాట చెప్పాడు, వాక్యం లేకుండానే నీ ప్రవర్తన వల్ల ఆయన రాబట్టబడవచ్చని. మాట్లాడకుండా ఉండటం ప్రతిసారీ పిరికితనం అయిపోదు. పదేపదే చెప్పి ఇంట్లో గొడవ పెంచుకుని, చెప్పలేదంటే ప్రభువు కోప్పడతాడేమో అని నలిగిపోతున్న వాళ్లు ఈ మాట పట్టుకోండి.

ఇంకొక్కటి. మహాసభ బెదిరించి వదిలేశాక పేతురు యోహానులు తమవాళ్ల దగ్గరికి వెళ్లారు, అందరూ కలిసి ప్రార్థన చేశారు. బెదిరింపులు ఆగిపోవాలని అడగలేదు, "బహు ధైర్యముగా" వాక్యం చెప్పేలా అనుగ్రహించమని అడిగారు. అప్పుడే అంత ధైర్యంగా నిలబడి వచ్చిన మనిషి మళ్లీ ధైర్యం కోసమే అడగడమేంటి? నిన్నటి ధైర్యం ఇవాళ్టికి సరిపోదని ఆయనకు తెలుసు, మంట దగ్గర నేర్చుకున్నాడు. వాళ్లు కూడుకున్న చోటు కంపించింది, అందరూ పరిశుద్ధాత్మతో నిండుకున్నారు. బెదిరింపులు మాత్రం పోలేదు, తర్వాతి అధ్యాయంలోనే మళ్లీ పట్టుకుని కొట్టారు కూడా. పౌలైతే సంకెళ్లలో ఉండి ఎఫెసీయులకు రాస్తూ విడుదల కోసం అడగలేదు, నోరు తెరిచినప్పుడు ధైర్యంగా మాట్లాడేలా నా కోసం ప్రార్థన చేయండి అని అడిగాడు.

మనం ఇంటి కూటాల్లో ఆరోగ్యం గురించి, ఉద్యోగం గురించి, పిల్లల పరీక్షల గురించి ప్రార్థన మనవులు చెబుతాం, చెప్పాలి కూడా. ఈ వారం వాటితో పాటు ఇది కూడా చెప్పండి: "నా పక్కన పనిచేసే ఒకాయన ఉన్నాడు, ఆయన అడిగిన రోజు నేను తప్పించుకోకుండా జవాబు చెప్పేలా ప్రార్థన చేయండి." పేరు చెప్పాల్సిన పని లేదు. పక్కన కూర్చున్నవాళ్లు కూడా తమ మనిషి గురించి చెబుతారు, మీరే చూస్తారు.