గోస్తనీ మొగ దగ్గర మళ్లీ గాలం

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తుని దాటాక మా ఆవిడ మూడోసారి అడిగింది, "ఆ సంచిలో ఏముందండీ?" అని. తువ్వాళ్లు అన్నాను. "తువ్వాళ్లలో ఏముంది?" అంది. ఇంక దాచి లాభం లేదు. విప్పి చూపించాను. పీవీసీ గొట్టం ముక్కకి చుట్టిన నైలాన్ దారం, సీసం గుళ్లు, అగ్గిపెట్టెలో గాలాలు. పద్నాలుగు నెలలుగా అటక మీద పడున్న సరంజామా. ఏమీ అనలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అనకాపల్లి వచ్చేదాకా అలాగే కూర్చుంది.

రాజమండ్రికి బదిలీ కాకముందు పదకొండేళ్లు విశాఖలో ఉద్యోగం చేశాను. ఆదివారమంటే నాకు భీమిలి. నాలుగింటికి లేచి స్కూటర్ మీద బీచ్ రోడ్డు పట్టుకుంటే, తెల్లారేసరికి గోస్తనీ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉండేవాణ్ని. గోస్తనీ పెద్ద నదేం కాదు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి దగ్గర విశాఖకి తాగునీళ్లిచ్చి, మిగిలిందేదో భీమిలిలో సముద్రానికి అప్పజెబుతుంది. అయితేనేం, ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే చోట చేపకి మేత దొరుకుతుంది. పోటు ఎక్కుతుంటే ఆ నీళ్లతో పాటే చేపా లోపలికొస్తుంది.

గాలం వేసేవాడికి ఓపిక ఉండాలని అందరూ అంటారు. నన్నడిగితే ఓపిక తర్వాత సంగతి, ముందు వేలికొసలుండాలి. చేతిగాలంలో కర్రా ఉండదు, బెండూ ఉండదు. చూపుడువేలి మీద దారం, ఆ దారం అవతల నీళ్లలో ఏం జరుగుతోందో వేలే చెప్పాలి. చిన్న చేపలు ఎరని గిల్లుతుంటే బియ్యం ఏరుతున్నట్టుంటుంది. జెల్ల చేపయితే లాగుతుంది, వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది. పండుగప్ప బేరాలాడదు, ఒక్కటే గుంజు. పీత ఎక్కితే దారం బరువవుతుంది కానీ అదరదు. ఇవన్నీ నాకు కళ్లు మూసుకున్నా తెలిసేవి. జబ్బు సరిగ్గా అక్కడే కొట్టింది.

ఈ ప్రయాణానికి పద్నాలుగు నెలల ముందు, నవంబర్లో, నాలుగు రోజులు విరేచనాలయ్యాయి, తగ్గాయి. పది రోజుల తర్వాత అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు మొదలైంది. మర్నాడు ఎడమకాలి చెప్పు ఎక్కడో జారిపోతే వీధి చివరిదాకా తెలియలేదు. మొదట చూపించుకున్న చోట విటమిన్ తక్కువైందని ఇంజక్షన్ ఇచ్చి పంపేశారు. నాలుగో రోజుకి కాఫీ గ్లాసు చేతిలో నిలవలేదు. పెద్దాసుపత్రిలో వెన్నులోంచి నీరు తీసి, నరాలకి కరెంటు పరీక్ష చేసి, గీయన్ బారే సిండ్రోమ్ అన్నారు. కడుపులోకొచ్చిన క్రిమి మీదకి లేచిన మన రక్షణ సైన్యమే పొరబడి మన నరాల మీది తొడుగుని కొరికేస్తుందట. పాదాల్లో మొదలై పైకి పాకుతుంది. ఊపిరి కండరాల దాకా వస్తే వెంటిలేటరే. అందుకని ఐసీయూలో పూటపూటకీ వచ్చి "ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టండి" అనేవారు. మొదటి రోజు ముప్పై ఒకటి. మూడో రోజు పదమూడు. ఆ పదమూడు దగ్గర మా ఆవిడ మొహం ఎలా ఉందో ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించారు. తర్వాత పంతొమ్మిది, తర్వాత ఇరవై నాలుగు. వెంటిలేటర్ దాకా పోలేదు.

తిరిగి రావడం మాత్రం నత్తనడక. నరం మళ్లీ పెరగాలంటే రోజుకి ఒక మిల్లీమీటరే అన్నారు డాక్టరు గారు. ముందు భుజాలు, తర్వాత మోచేతులు, అన్నిటికన్నా చివర వేలికొసలు. ఫిజియోథెరపీ అమ్మాయి మైదాముద్ద పిసకమంది, బట్టల క్లిప్పులు పెట్టి తియ్యమంది. నేను గాలానికి దారం ముడెయ్యడం మొదలుపెట్టాను. కంట్లోంచి దారం దూర్చి, దారం చుట్టూ ఐదు మెలికలు తిప్పి, కొసని మొదటి సందులోంచి లాగి, ఉమ్మితో తడిపి బిగించాలి. ఒకప్పుడు చీకట్లో అరనిమిషం పని. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది. గాలం బొటనవేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది, అదీ మా ఆవిడ చెప్తేనే తెలిసింది.

సంక్రాంతి వెళ్లిన వారం, అమావాస్య పోటు చూసుకుని ప్రయాణం పెట్టుకున్నాను. మద్దిలపాలెంలో మా బావమరిది ఇంట్లో దిగాం. "బావా, కారులోంచి సముద్రం చూసి వచ్చేద్దాం, నడక వద్దు" అన్నాడు. సరే అన్నాను. సరే అనడానికి డబ్బులక్కర్లేదు కదా.

తెల్లవారుజామున బయల్దేరాం. జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్, రుషికొండ. నేను తిరిగిన రోజుల్లో లేని లైట్లు, లేని హోటళ్లు. మంగమారిపేట దగ్గర తెప్పలు అప్పటికే ఇసుక దిగి నీళ్లలోకి వెళ్లిపోయాయి. పైన తొట్లకొండ నల్లగా ఉంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గరికొచ్చేసరికి తూర్పు తెల్లబడింది. భీమిలిలో ఒడ్డున గంప పెట్టుకున్న ఒకామె దగ్గర యాభై రూపాయలకి చిన్న రొయ్యలు కొన్నాను. "కూరకి సాలవు బాబూ" అంది. ఎరకి అన్నాను. నా చేతికర్ర వంక ఒకసారి చూసి, గుప్పెడు ఎక్కువ వేసింది.

ఇసుకలో నడక నేననుకున్నంత సులువు కాలేదు. పాదం ఎక్కడ పడిందో పాదం చెప్పదు, కళ్లతో చూసి తెలుసుకోవాలి. వెలుతురు పూర్తిగా రాలేదు. మా బావమరిది ఫోన్ లైటు దారి మీద వేస్తుంటే రెండుసార్లు తూలాను. "దారి మీద కాదురా, నా కాళ్ల మీద వెయ్యి" అన్నాను. వెనక్కి నడుస్తూ నా పాదాల మీద లైటు వేశాడు పాపం. పెళ్లిలో ఫొటోగ్రాఫర్‌లా.

మొగ దగ్గర తాత ఉన్నాడు. జాలరి. పదకొండేళ్లూ పక్కపక్కన కూర్చున్న మనిషి. వయసు నేనెప్పుడూ అడగలేదు, ఆయన చెప్పలేదు. నన్ను పైనుంచి కిందకి చూసి, "ఏటి బాబూ, ఇన్నాళ్లు అగుపడ్నేదు. సచ్చిపోనావనుకున్నాను" అన్నాడు. ఇంతకాలం అందరూ "బాగా కోలుకున్నారండీ, మొహంలో కళ వచ్చింది" అంటుంటే విని విని ఉన్నానేమో, ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది. "దాదాపు పోయాను తాతా" అన్నాను. "మరింకేటి, కూకో" అన్నాడు.

ముడి నేనే వేశాను. నాలుగు నిమిషాలు. రొయ్యని తోక దగ్గర గుచ్చి, సీసం గుండు రెండుసార్లు తిప్పి విసిరాను. పదిహేను గజాలు పడిందేమో. ఒకప్పుడైతే సిగ్గుపడేవాణ్ని. దారం చూపుడువేలి మీద పెట్టుకుని కూర్చున్నాను.

ఏమీ లేదు. కాసేపయ్యాక లాగి చూస్తే ఎర లేదు. మళ్లీ గుచ్చి వేశాను. మళ్లీ ఖాళీ గాలమే వచ్చింది. మూడోసారీ అంతే. అవతల ఎవరో తలుపు కొడుతున్నారు, ఇంట్లో నాకు వినిపించడం లేదు. వేలు చెక్కలా ఉంది. దారం ఉందని కంటికి తెలుస్తోంది గానీ వేలికి తెలియడం లేదు. నాలుగో రొయ్య చేతిలో పట్టుకుని గుచ్చకుండా ఉండిపోయాను. వెనకాల మా ఆవిడ కుర్చీ లాక్కుంటున్న చప్పుడైంది. పోదాం అంటుందని తెలుసు.

తాత అంతా చూస్తూనే ఉన్నాడు. "ఏలికి తెల్దేటి?" అన్నాడు. తెలియడం లేదన్నాను. ఆయన గడ్డిపరక ఒకటి తెంపి నా చేతి మీద వేలికొస నుంచి పైకి రాసుకుంటూ వచ్చాడు. "ఇక్కడ? ఇక్కడ?" అంటూ. ఆసుపత్రిలో దూదితో చేసే పరీక్ష అచ్చం ఇదే. అరచెయ్యి దాటి మణికట్టు లోపలి వైపుకొచ్చేసరికి చక్కిలిగింత పుట్టింది. "మరి దారం ఇక్కడేసుకో. ఏలుతోటే ఇనాలని రూలేటి నేదు. సుట్టుకోకు, పెద్దది పడితే సెయ్యి తెగిపోద్ది. ఊరికే ఆనించు."

మోకాలి మీద చెయ్యి వెల్లకిలా పెట్టి, నాడి చూసే చోట దారం ఆనించాను. ముందు అల తెలిసింది. అది రావడం, పోవడం. నీటి లాగుడు తెలిసింది, సన్నగా, ఒకే తీరుగా. కాసేపటికి ఆ తీరులోంచి విడిగా, టక్, టక్. బియ్యం ఏరుతున్నట్టు. ఊపిరి బిగబట్టాను. లాగి, వదిలి, మళ్లీ లాగింది. గుంజాను.

జెల్ల. జానెడు. మీసాలు ఆడిస్తూ గుర్రుగుర్రుమంటూ ఇసుకలో పొర్లింది. పదకొండేళ్లలో ఇలాంటివి పట్టి ఎన్ని నీళ్లలోకి విసిరేశానో లెక్కలేదు. మా బావమరిది ఫొటో ఫొటో అని అరుస్తున్నాడు. గాలం విడిపించబోయాను. జెల్లకి వీపు మీదొకటి, పక్క రెక్కలకి చెరొకటి రంపంలాంటి ముళ్లుంటాయి, ఎక్కడ పట్టుకోవాలో పసిపిల్లలకి కూడా చెప్తాను నేను. ఆ తొందరలో నేనే మర్చిపోయాను. వీపు ముల్లు బొటనవేలి కొసలో దిగింది.

గట్టిగా అరిచాను. ఆ అరుపుకి మా ఆవిడ కుర్చీ పడేసి పరుగెత్తుకొచ్చింది. "తెలిసింది! తెలిసింది!" అంటున్నాను నేను. "ఏం తెలిసిందండీ, రక్తం కారుతోంది!" అంటోంది ఆవిడ. తాత నవ్వుతున్నాడు. జెల్ల విషానికి వేడినీళ్లే మందు. టీ బడ్డీ ఆమె గ్లాసులో చెయ్యి పట్టగలిగినంత వేడినీళ్లు పోసిస్తే అరగంట వేలు ముంచుకుని కూర్చున్నాను. నొప్పి భుజం దాకా పాకి, నెమ్మదిగా దిగింది. ఆ జెల్లని తాతకివ్వబోతే తీసుకోలేదు. మా ఆవిడే కొంగు దోపుకుని, ముళ్లు విరిచేసి, కవర్లో వేసుకుంది. ఆ సాయంత్రం మా మరదలు పులుసు పెట్టింది. ఒక్క చేప, ఐదుగురం. చింతపండు రసమే ఎక్కువ తిన్నాం.

సోమవారం రాజమండ్రిలో చెకప్. డాక్టరు గారు నన్ను కళ్లు మూసుకోమని ఒక్కో వేలికీ గుండుసూది తాకిస్తూ "పదునా, మొద్దా?" అని అడుగుతారు. చిటికెనవేలు మొద్దు. ఉంగరపు వేలు మొద్దు. చూపుడువేలూ మొద్దే. బొటనవేలికి "పదును" అన్నాను. డాక్టరమ్మ రెండుసార్లు మార్చి మార్చి చూశారు. పదునే. అప్పుడు వేలి మీద కమిలిన మచ్చ కనిపించింది.

"ఇదేంటి?"

"జెల్లండీ" అన్నాను.

ఆవిడది కర్నూలు. చేప ముట్టరు. ఫైల్లో రాస్తున్న పెన్ను ఆపి, నా వంకా మా ఆవిడ వంకా మార్చి మార్చి చూశారు.

"ఎవరు కొట్టారు?"