మిగిలిన పిల్లల కోసం ఒక నవలిక

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ పిల్లల కోసం కథలు రాస్తాను. తోటి విద్యార్థి ఆత్మహత్య చేసుకుంటే తరగతిలో మిగిలిన పిల్లలు ఏమవుతారన్నది నవలికగా రాయాలని చాలాకాలంగా నా మనసులో ఉంది. మా వైపు ఒక బడిలో అలాంటి మరణం జరిగినప్పుడు మౌనం పాటించి, పరీక్షలు దగ్గరపడ్డాయని మర్నాడే పాఠాలు మొదలుపెట్టారు. ఆ పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడించిన వారు లేరు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. వారిలో ఎంతో మంది వెనక ఒక తరగతి గది మిగిలిపోయి ఉంటుంది. ఆ గదుల లెక్క ఎక్కడా ఉండదు.

ఇలాంటి కథ చేటు కూడా చేయగలదు. జర్మన్ రచయిత గోథే 1774లో రాసిన నవలలో ఆత్మహత్య చేసుకునే నాయకుడు వెర్థర్‌ను యువకులు అనుకరిస్తున్నారన్న భయంతో జర్మనీలోని లీప్‌జిగ్‌ నగరంలో ఆ పుస్తకాన్ని నిషేధించారు. 1974లో డేవిడ్ ఫిలిప్స్ అనే సామాజిక శాస్త్రవేత్త, పత్రికల్లో ఆత్మహత్య వార్తలు ప్రముఖంగా వచ్చాక మరణాలు పెరగడాన్ని అంకెలతో చూపి, దానికి వెర్థర్ పేరే పెట్టాడు. 2010లో వియన్నా పరిశోధకులు రెండో వైపు చూపించారు: చనిపోవాలన్న ఆలోచన వచ్చి, దాన్ని దాటి బతికిన వారి గురించి రాసినప్పుడు మరణాలు తగ్గిన జాడ కనిపించింది. ఇది చదివాక నాకు ధైర్యం వచ్చింది. ఎలా చనిపోయాడు, ఎక్కడ, చివరి ఉత్తరంలో ఏముంది అన్నవి నా పుస్తకంలో ఒక్క వాక్యంగా కూడా ఉండకూడదని నిశ్చయించుకున్నాను.

‘ఎందుకు’ అన్నది మరింత కష్టపెట్టింది. మార్కులనో, ప్రేమనో, తండ్రి తిట్టాడనో చెబితే కథ బిగువుగా వస్తుంది. కానీ ఆత్మహత్య వెనక ఒకటే కారణం ఉండదు. పైకి కనిపించని కుంగుబాటు, ఇంటి పరిస్థితులు, అవమానం, ఆ రోజున తోడు దొరకకపోవడం కలిసిపోయి ఉంటాయి. ఒకే కారణం చూపిన కథ, అదే కష్టంలో ఉన్న చదువరికి అదే దారి చూపినట్టవుతుంది. అందుకే కారణం కోసం తిరిగే ఒక స్నేహితుడిని పెట్టాను. అతనికి అది దొరకదు.

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది ఖాళీ అయిన బెంచీ అధ్యాయం. పటం పెట్టి దండ వేసి రోజూ దీపం వెలిగించాలని పిల్లలు పట్టుబడతారు. బరంపురంలో ఒక మనోరోగ వైద్యురాలిని అడిగాను. జ్వరంతో పోయిన పిల్లవాడికి బడి ఏం చేస్తుందో ఇక్కడా అంతే చేయాలని, లేకపోతే లోలోపల నలుగుతున్న మరో బిడ్డకు ఆ దండలో తనకు దక్కని ఆదరం కనిపించవచ్చని ఆవిడ అన్నారు. ఆ బెంచీ చోటు మార్చే ముందు పిల్లలకు చెప్పి, వారితోనే మార్పించాలట. అలాగే రాశాను.

మా తరగతి గదులలాంటిదే నా కథలోని గది కూడా: బడిలో ఒడియా, కొందరికి ఇంట్లో తెలుగు, కొండ ఊళ్ల నుంచి వచ్చిన సవర పిల్లలు. పక్క బెంచీ అమ్మాయి సంతాప సభలో ఒడియాలో చక్కగా మాట్లాడుతుంది. ఇంటికి వచ్చాక మాత్రం, “ఆ రాత్రి నాకు ఫోను చేశాడమ్మమ్మా, నేను ఎత్తలేదు” అంటుంది. అమ్మమ్మ వెంటనే ఓదార్చదు. “అప్పుడు ఏం చేస్తున్నావమ్మా?” అని అడుగుతుంది. “లెక్కలు చేసుకుంటున్నాను.” మనవరాలు చెబుతూ పోతుంది, ఆమె వింటూనే ఉంటుంది. పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. నీ తప్పేమీ లేదని తొందరపడి అనేస్తే పిల్లల నోరు మూతపడుతుంది.

అచ్చుకు ముందు కొందరు పిల్లలకు, పెద్దల అనుమతితో, చదివి వినిపించాను. ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. ఒక తండ్రి, “చావు ఊసెత్తితే అదే బుర్రకెక్కుతుందమ్మా” అన్నారు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదని, లోపల ఉన్నది బయటికి చెప్పుకోవడానికి వీలవుతుందని వైద్యురాలే ఆయనకు నచ్చజెప్పారు. వినిపించిన ప్రతిసారీ ఆవిడ మా పక్కన కూర్చున్నారు. ఆ ఏర్పాటు లేకుండా ఎవరూ ఈ పని చేయవద్దని గట్టిగా కోరుతున్నాను.

కథలో కారణం కోసం తిరిగే ఆ స్నేహితుడికే ఒక రాత్రి బతకాలనిపించదు. అతను టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణికి, 14416కు ఫోను చేస్తాడు. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, భాష ఎంచుకోవచ్చు. ఒడిశాలో ఉన్నా తెలుగులో గోడు చెప్పుకోవచ్చని మా పిల్లలకు తెలియాలని ఆ సంభాషణ మొత్తం తెలుగులోనే రాశాను. విన్నవారిలో ఒక అమ్మాయి ఆ నంబరును నోటుపుస్తకం అట్ట మీద రాసుకుంది.

ఇప్పుడు ఒక ఒడియా ఉపాధ్యాయురాలితో కూర్చుని ఒడియా ప్రతి తయారు చేస్తున్నాను. కథలోని తరగతిలో సగం మంది ఒడియా పిల్లలే. రెండు ప్రతులూ ఒకేసారి అచ్చు కావాలి.