దొంగలు పడిన ఇల్లు

బుధవారం. రాత్రి పదకొండు దాటింది.

ఈ రోజు డ్రిల్లు చప్పుడుతో తెల్లారింది. పక్కింటి పిన్నిగారు పెరటి తలుపుకి కొత్త గడియ పెట్టిస్తున్నారు. వెళ్ళి కాసేపు నిలబడ్డాను. వడ్రంగి పాత గడియ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. సన్నటి రేకు, నాలుగు పొట్టి మేకులు. అందులో రెండు ఎప్పుడో చెక్కలోంచి ఊడొచ్చేశాయి. ఇన్నేళ్ళూ ఆవిడ దాన్ని నమ్ముకునే పడుకున్నారు.

ఐదు వారాల కిందట దొంగలు ఆ తలుపు తోసుకునే లోపలికొచ్చారు. పోయిన శనివారం మళ్ళీ వచ్చారు. అదే తలుపు. మొదటిసారి పోయిన టీవీ బదులు కొడుకు కొత్తది పంపాడు, ఈసారి అది పోయింది. ఆవిడ ఇంట్లో లేకపోవడం ఒక్కటే మనసుకి కాస్త ఊరట.

"ఒకసారి వచ్చిన ఇంటికి మళ్ళీ ఎందుకు వస్తారులే అనుకున్నానమ్మా" అన్నారు, వడ్రంగి చెక్క పొట్టు ఊడుస్తుంటే చూస్తూ.

ఆ మాట ఆవిడకి చెప్పింది నేనే. మొదటి దొంగతనం అయిన మర్నాడు ధైర్యం చెబుదామని, "ఇక మీ ఇంటి జోలికి రారు పిన్నిగారూ, భయపడకండి" అన్నాను. అందరూ అనే మాటే కదా. ఆవిడ నమ్మారు. తలుపు పని రేపు, ఎల్లుండి అంటూ వాయిదా పడింది. నేను కూడా ఒక్కసారి గుర్తు చేయలేదు. శనివారం నుంచీ నాకు నిద్ర పట్టకుండా చేస్తున్నది ఇదే.

ఈ నాలుగు రాత్రులూ దొంగతనాల గురించి దొరికిందల్లా చదివాను. నేను చెప్పిన మాట ఎంత తప్పో ఇప్పుడు తెలుస్తోంది. దొంగలు పడిన ఇంట్లోనే మళ్ళీ పడే ప్రమాదం ఎక్కువ. మొదటి కొన్ని వారాల్లో ఇంకా ఎక్కువ, తర్వాత మెల్లగా తగ్గుతుంది. కారణాలు వింటే ఇది ముందే తట్టలేదేమా అనిపిస్తుంది. ఏ తలుపు బలహీనంగా ఉందో దొంగకి తెలుసు. ఏ గదిలో ఏముందో, ఎటు నుంచి బయటపడాలో తెలుసు. మొదటిసారి మొయ్యలేక వదిలేసినవి గుర్తుంటాయి. పోయిన వస్తువుల చోట కొత్తవి వస్తాయని కూడా తెలుసు. చుట్టుపక్కల ఇళ్ళకి కూడా కొన్నాళ్ళపాటు ముప్పు పెరుగుతుందట. పక్కిల్లంటే మాదే.

ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్ అనే పట్టణం ఉంది. అక్కడ కిర్క్‌హోల్ట్ అని ఒక కాలనీ, రెండు వేలకు పైగా ఇళ్ళు. 1980ల మధ్యలో అక్కడ దొంగతనాలు విపరీతంగా జరిగేవి. పోలీసులూ పరిశోధకులూ కలిసి కూర్చుని లెక్కలు తీశారు. ఒకసారి దొంగలు పడిన ఇంట్లో మళ్ళీ పడే అవకాశం మిగతా ఇళ్ళకంటే సుమారు 4 రెట్లు ఉందని తేలింది. దాంతో కాలనీ మొత్తానికీ ఒకేసారి కాపలా పెట్టే ఆలోచన మానుకుని, దొంగలు పడిన ఇళ్ళ నుంచే పని మొదలుపెట్టారు. ఆ ఇంటికి వెళ్ళి మాట్లాడటం, తలుపులూ కిటికీలూ గట్టి చేయడం. చుట్టూ ఉన్న ఐదారు ఇళ్ళవాళ్ళని అడిగి ఆ ఒక్క ఇంటి మీద కన్నేసి ఉంచమనడం. ఇంకో పని కూడా చేశారు, అది నాకు చాలా నచ్చింది. అప్పట్లో అక్కడ చాలా ఇళ్ళలో గ్యాసుకీ కరెంటుకీ నాణేలు వేసే మీటర్లు ఉండేవి. దొంగలు వాటిని పగలగొట్టి చిల్లర పట్టుకుపోయేవారు. ఆ మీటర్లనే తీయించేశారు. మూడేళ్ళలో కాలనీలో దొంగతనాలు 75 శాతం తగ్గాయి.

నిన్న రాత్రి ఇది రెండుసార్లు చదివాను. ఆ పద్ధతికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. ఎవరింట్లో దొంగలు పడ్డారో వాళ్ళ దగ్గరికి త్వరగా వెళ్ళాలి, అంతే. ఐదు వారాల కిందటే ఇది నాకు తెలిసుంటే ఆ సాయంత్రమే వడ్రంగిని పట్టుకొచ్చేదాన్ని.

సాయంత్రం పోలీస్ స్టేషన్‌లో మీటింగు. రాబోయే నెలల్లో పోలీసులు ముందుగా దేని మీద దృష్టి పెట్టాలో జనాన్నే అడుగుదామని పిలిచారు. నలభై మంది దాకా వచ్చాం. పిన్నిగారిని రమ్మన్నాను. "చీకటి పడ్డాక ఇల్లు వదిలి నేను రాలేనమ్మా" అన్నారు. బలవంతం చేయలేదు. మీటింగులో కూర్చున్నంతసేపూ ఆ మాటే చెవిలో ఉంది. ఎవరి మాట ముందు వినాలో వాళ్ళు ఆ గదిలో లేరు.

మనిషికో చీటీ ఇచ్చి మూడు విషయాలు రాయమన్నారు. ముందు నోటితో చెప్పమంటే ఒక్కొక్కరూ లేచారు. రాత్రిళ్ళు బైకుల రేసులు. వెలగని వీధిలైట్లు. పార్కు దగ్గర గుంపులు. ఫోన్లో బ్యాంకు వాళ్ళమని చెప్పి డబ్బు లాగేసేవాళ్ళు. అన్నీ నిజమైన బాధలే. వీధిలైట్ల విషయంలో నేను కూడా గట్టిగా గొంతు కలిపాను. 2016లో న్యూయార్క్‌లో కొన్ని ప్రభుత్వ గృహసముదాయాల్లో పెద్ద దీపాలు పెట్టి చూశారు. అక్కడ ఆరుబయట రాత్రిపూట జరిగే తీవ్రమైన నేరాలు సుమారు 36 శాతం తగ్గినట్టు ఆ అధ్యయనంలో తేలింది. దీపాలు వెలిగించేది పోలీసులు కాదు, నిజమే. కానీ స్టేషన్ నుంచి ఒక ఉత్తరం వెళితే పని కదులుతుంది.

అందరూ ఏకమైన కోరిక మాత్రం గస్తీ పెంచమని. జీపు తిరుగుతూ ఉండాలి, సైరన్ వినబడాలి. మొన్నటిదాకా నేనూ అదే అడిగేదాన్ని. కానీ అమెరికాలోని కాన్సస్ సిటీలో 1972-73లో ఏడాదిపాటు చేసిన ప్రయోగం గురించి చదివాక నా అభిప్రాయం మారింది. ఊళ్ళో 15 బీట్లు, అంటే పోలీసులు గస్తీ తిరిగే ప్రాంతాలు, తీసుకుని మూడు భాగాలు చేశారు. కొన్నిటిలో మామూలు గస్తీ పూర్తిగా ఆపేశారు, ఫోన్ వస్తేనే వెళ్ళేవారు. కొన్నిటిలో గస్తీని రెండు మూడు రెట్లు పెంచారు. మిగతావాటిలో ఎప్పటిలాగే ఉంచారు. నేరాల్లో గానీ జనం భయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఊరంతా పలచగా తిరిగే జీపు దొంగని ఆపదు. జీపు దాటిపోయాక ఎంత సమయం దొరుకుతుందో అతనికి తెలుసు.

అలాగని పోలీసులు కంటికి కనబడటం దండగ అనను. 1970ల చివర్లో అదే దేశంలో నెవార్క్‌లో పోలీసులు నడిచి తిరిగితే నేరాలు పెద్దగా తగ్గలేదు గానీ జనానికి ధైర్యం పెరిగింది. ధైర్యం చిన్న విషయం కాదు. ఈ పూట పిన్నిగారు గడప దాటలేకపోయారంటే కారణం అది లేకే కదా. మనిషి దిగి, నడిచి, పేరు అడిగి పలకరించడం వేరు, జీపు అద్దంలోంచి చూసుకుంటూ పోవడం వేరు. అవసరమైన చోట మనిషి నిలబడాలి. అమెరికాలోనే మిన్నియాపొలిస్ నగరంలో పోలీసులకి వచ్చిన ఫోన్లన్నీ పరిశీలించి 1989లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో ఊళ్ళోని సుమారు 3 శాతం చిరునామాల నుంచే సగం ఫోన్లు వచ్చాయి. మిగతా ఊరు చాలావరకు ప్రశాంతంగానే ఉంది. ఉన్న కొద్దిమంది పోలీసులు ఎక్కడ నిలబడాలో ఆ లెక్కే చెబుతుంది.

మధ్యలో ఒకాయన లేచి, అద్దెకుండే కుర్రాళ్ళందరి వివరాలు తీసుకుని వాళ్ళ మీద నిఘా పెట్టాలన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. నాకు కష్టం అనిపించింది. మా వీధిలో రెండిళ్ళ నిండా అలాంటి పిల్లలే ఉన్నారు. శనివారం రాత్రి పిన్నిగారి పెరటి తలుపు తెరిచి ఉందని చూసి ఆవిడకి ఫోన్ చేసింది వాళ్ళలో ఒకడు. అనుమానంగా చూస్తే రేపు ఆ అబ్బాయి ఎందుకు ఫోన్ చేస్తాడు? లేచి ఆ మాటే చెప్పాను. గొంతు కొంచెం వణికింది గానీ పూర్తిగా చెప్పాను. ఎస్సైగారు కూడా, "అనుమానం వేరు, ఆధారం వేరు" అని ఆ చర్చ అక్కడితో ఆపేశారు.

చీటీ మీద మూడు రాయమంటే నేను ఒక్కటే రాశాను. "దొంగతనం జరిగిన ఇంటికి కేసు రాసుకున్నాక కూడా వారం లోపు ఒకసారి వెళ్ళండి. తలుపులు చూడండి. పక్క ఇళ్ళవాళ్ళకి చెప్పండి." ఎస్సైగారు చీటీలు తిప్పుతూ నాది చదివి తలెత్తారు. రాత్రి డ్యూటీలో తమకి ఎంతమంది మిగులుతారో, ఒక్కో కేసుకి ఎంత కాగితం పని ఉంటుందో చెప్పారు. ఆ అలసట ఆయన ముఖంలోనే కనబడుతోంది. కేసు రాసుకున్నాక ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళేది దొంగో సొత్తో దొరికినప్పుడేనని ఒప్పుకున్నారు. నేను కిర్క్‌హోల్ట్ సంగతి చెప్పాను. ఆయన పుస్తకంలో రాసుకున్నారు. "చూద్దాం మేడమ్, ఈ నెల కేసులతో మొదలుపెట్టి చూద్దాం" అన్నారు. అవుతుందో కాదో, అడగడం మాత్రం మానను.

మీటింగు అయ్యాక మెట్ల దగ్గర ఒక మహిళా కానిస్టేబుల్ నన్ను ఆపింది. చిన్న వయసు. "మీరు దొంగతనాల గురించి చెప్పారు గానీ మేడమ్, ఇంట్లో కొట్టే కేసులు కూడా అంతే. కొన్ని ఇళ్ళ నంబర్లు మాకు కంఠతా వచ్చు. వెళ్తాం, సర్దిచెప్తాం, వచ్చేస్తాం. మళ్ళీ అదే నంబర్ నుంచి ఫోన్" అంది. నాకేం చెప్పాలో తోచలేదు. నలభై మంది చీటీల్లో ఆ మాట రాసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నట్టు నాకు అనిపించలేదు. నేనూ రాయలేదు. దెబ్బలు తినే మనిషి మీటింగుకి వచ్చి, పక్కన భర్త కూర్చుని ఉండగా ఏం రాస్తుంది? వీధి భయాల గురించి రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఇంటి లోపలి భయం మాత్రం మెట్ల మీద, అందరూ వెళ్ళిపోయాక వినబడింది. ఆ అమ్మాయిని, "ఇది లోపల ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. "మమ్మల్ని ఎవరూ అడగలేదు మేడమ్" అంది.

ఈసారి పిలిచినప్పుడు ఆ అమ్మాయి చేతికి కూడా ఒక చీటీ ఇమ్మని ఎస్సైగారిని అడగాలి. మర్చిపోకుండా ఇక్కడ రాసుకుంటున్నాను. ఒక ఇంటి నుంచి రెండోసారి ఫోన్ వస్తే, దాన్ని మొదటిసారి వచ్చినట్టు చూడకుండా ముందు వరసలో పెట్టమని కూడా అడగాలి. దొంగతనమైనా, ఇంట్లో కొట్టినా నేను అడగదలుచుకున్నది ఇదే. ఒకసారి నష్టపోయినవాళ్ళ దగ్గర నుంచే కాపలా మొదలవ్వాలి.

వస్తూ పిన్నిగారింటికి వెళ్ళాను. కొత్త గడియ వేసి చూపించారు. రెండు చేతులతో లాగితే గానీ రాదు. కాస్త నూనె వేయాలి, లేకపోతే ఆవిడకే కష్టం. పెరట్లో గోడ పక్కన నిచ్చెన ఇంకా అలాగే ఉంది. దాన్ని తెచ్చి మా ఇంట్లో పెట్టాను. ఆవిడ ఇంటి నుంచి చూస్తే మాదీ, ఎదురు ఇల్లూ, వెనక రెండిళ్ళూ కనబడతాయి. ఆ నాలుగు ఇళ్ళవాళ్ళనీ కలిపి ఫోన్లో ఒక గ్రూపు చేద్దామన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకమ్మా" అన్నారు. ఇబ్బంది కాదు పిన్నిగారూ, మా ఇంటికీ అవసరమే అన్నాను. అది నిజం కూడా.

ఎదురింటివాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. అద్దెకుండే అబ్బాయి తన నంబరే కాకుండా ముగ్గురు స్నేహితుల నంబర్లు కూడా ఇచ్చాడు. వెనక ఒక ఇంట్లో లైట్లు ఆర్పేశారు, రేపు పొద్దున్నే వెళ్ళి అడగాలి.