ముప్పై ఆరేళ్ల కాళ్లు

మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) అంటే ఉత్త తోపులాట అనుకునేవాణ్ణి. 2024 ఆగస్టులో ఆఫీసు మిత్రుడొకడు ఎంసీజీ స్టేడియానికి లాక్కెళ్లాడు. కాలింగ్‌వుడ్ క్లబ్బు తరఫున స్కాట్ పెండిల్‌బరీకి అది 400వ మ్యాచ్. అప్పటికి ఆయనకి 36 ఏళ్లు. పై స్టాండుకి మెట్లెక్కేసరికి నాకు ఆయాసం! మిడ్‌ఫీల్డ్‌లో ఒక్కో మ్యాచ్‌కి పది కిలోమీటర్ల పైనే పరిగెత్తాలట.

కానీ ఆయన ఎక్కడా హడావిడి పడడు. బంతి చేతికి రాగానే, చుట్టూ ముగ్గురు మీద పడుతున్నా, ఒక్క క్షణం ఆగి చూస్తాడు. చిన్నప్పుడు బాస్కెట్‌బాల్ ఆడిన అలవాటని మా వాడన్నాడు. వేగం తగ్గినా ఈ చూపు తగ్గలేదు, అందుకే ఇన్నాళ్లు ఆడగలిగాడని నాకనిపించింది.

ఎసెండన్ క్లబ్బు డిఫెండర్ డస్టిన్ ఫ్లెచర్ 40 నిండాక కూడా ఆడాడు. బ్రెంట్ హార్వీ సంగతే బాధ. 432 మ్యాచ్‌లు ఆడి, ఇంకా ఆడతానంటుంటే 2016లో నార్త్ మెల్‌బోర్న్ క్లబ్బే చాలంది.

నిన్న ఫిజియో నా మోకాలు చూసి, "వారానికి ఎన్ని మ్యాచ్‌లు ఆడతారు?" అన్నాడు. సోఫాలోంచి లేస్తుంటే పట్టేసిందని చెప్పడానికి మొహం చెల్లలేదు.